లక్ష్మీదేవికి నాలుగు చేతులు ఎలా కుదిరాయి?

మీ పూజగదిలో లక్ష్మీదేవి పటం ఉందా? అయితే అందులో ఎంతోకొంత రాజా రవివర్మ చెయ్యి ఉన్నట్టే. 1848లో కిళిమానూరులో పుట్టిన ఈయన, థియోడర్ జెన్సన్ తైలవర్ణాలు వేస్తుంటే చూసి నేర్చుకున్నారు. ఆయన దగ్గరుండి నేర్పలేదు మరి!

శిల్పశాస్త్రంలో దేవతల కొలతలు వేరు. స్థాయిని బట్టి నవతాళం, దశతాళం అంటూ లెక్క మారుతుంది. రవివర్మేమో ఎదురుగా ఉన్న మనిషిని చూసి గీసేవారు. మరి మనిషి భుజానికి నాలుగు చేతులెలా? ఆయన లక్ష్మి పటంలో వెనక చేతులు ఎక్కడ మొదలయ్యాయో వెతికి చూడండి, చప్పున దొరకదు!

దైవత్వం పోయిందన్నారు కొందరు. నాకైతే ఆ ముఖంలో అమ్మే కనిపిస్తుంది. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు నుంచి, గుడిలోకి రానివ్వని వాళ్ల ఇళ్లకి కూడా ఆ అమ్మ చేరింది.