కోయాగిరి మహాయతి కూకాయి

లోకమును విడిచి కొండనెక్కిన సన్న్యాసివలన దిగువనున్న లోకమునకు కలుగు మేలేమి? ఈ ప్రశ్న అన్ని దేశములయందును పుట్టుచునే యున్నది. జపానుదేశీయుడగు కూకాయి యను బౌద్ధయతి జీవితము దీనికి తగిన సమాధానముగా మాకు తోచుచున్నది. కీయీ ద్వీపకల్పమునందలి కోయాపర్వతమున ఆయన నెలకొల్పిన మఠస్థానము నేటికిని వేలకొలది యాత్రికుల నాకర్షించుచున్నది. 2004లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది.

కూకాయి క్రీ. శ. 774లో షికోకు ద్వీపమున సనూకి మండలమునందు ఒక స్థానిక ప్రభుకుటుంబమున జన్మించెను. రాజోద్యోగమునకు మార్గమగు విద్యాలయమున చేరి చీనా శాస్త్రములను పఠించెను గాని, ఆ చదువు ఆయన మనస్సును తృప్తిపఱుపజాలకపోయెను. ఉద్యోగాశను వదలి షికోకు కొండలయందును సముద్రతీరమునందును తపస్సు చేసెను. 797లో కన్ఫ్యూషియసు, తావో, బౌద్ధ మతములను పోల్చి యొక గ్రంథమును రచించి, అందు బౌద్ధమునకే అగ్రస్థానమొసగెను.

804లో జపాను ప్రభుత్వము చీనాకు పంపిన రాయబార నౌకలలో నొకదానిపై ఆయన బయలుదేరెను. తుపానుచే ఆ నౌక దారితప్పి ఫూజియన్ తీరమును చేరగా, అచ్చటి అధికారులు వీరిని శంకించిరి. కూకాయి చీనాభాషలో వ్రాసిన విజ్ఞప్తి ఆ శంకను తీర్చెను. చాంగాన్ నగరమున హుయిగువో యను ఆచార్యుడు ఆయనను శిష్యునిగా స్వీకరించి, కొలది మాసములలోనే తన మంత్రవిద్యనంతయు నొసగి కాలధర్మము నొందెను. ఇరువదేండ్లు చదువుటకై వెళ్లిన కూకాయి 806లోనే స్వదేశమునకు మరలెను.

ఈ విద్యకు మూలము భారతభూమియే. హుయిగువో గురువు అమోఘవజ్రుడు. ఆయన గురువగు వజ్రబోధి దక్షిణభారతమునుండి సముద్రమార్గమున చీనాకు వెళ్లినవాడు. కూకాయికి సంస్కృతము నేర్పినవారిలో ప్రజ్ఞుడను భారతీయ భిక్షువు ఒకడు. కూకాయి స్థాపించిన శాఖకు షింగోన్ అని పేరు. మంత్రమని దాని యర్థము. ఈ శాఖవారు తమ గురుపరంపరలో నాగార్జునుని స్మరింతురు. కృష్ణాతీరమున మన నాగార్జునకొండ ఆ నామమునే ధరించియున్నది. అయితే పూర్వుల కీర్తిని చెప్పుకొని తృప్తిపడుట మా యుద్దేశము కాదు. ఇచ్చటినుండి పోయిన విత్తనమును ఆయన యెట్లు పండించెనో చూడవలసియున్నది.

816లో సాగా చక్రవర్తి ఆయన కోరికపై కోయాపర్వతమును ధ్యానస్థానముగా నొసగెను. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున, శిఖరములు పద్మదళములవలె చుట్టియుండ, నడుమనున్న మైదానమది. నల్లనిదొకటి, తెల్లనిదొకటి, రెండు కుక్కలతో వచ్చిన వేటకాడు ఆయనకు త్రోవ చూపెనని స్థలపురాణము చెప్పును. ఆ కొండదేవతలను కూకాయి త్రోసివేయక, వారికిని పూజలు జరిపించెను.

ఇంతలో 818లో, ఆయన జన్మస్థానమగు సనూకియందు మన్నో చెఱువునకు వఱదవలన గండిపడెను. వానలు తక్కువగు ఆ సీమలో చెఱువే రైతునకు జీవనాధారము. ప్రభుత్వము పంపిన అధికారి పనివారు చాలక కట్టను పూర్తిచేయలేకపోగా, కూకాయిని పంపుడని మండలాధికారులు 821లో రాజధానికి విన్నవించుకొనిరి. ఆయన వచ్చెనని విని జనులు తండోపతండములుగా పనికి వచ్చిరి. మూడు నెలలలోపల కట్ట పూర్తియయ్యెనని ప్రతీతి. నీటి యొత్తిడిని తాళుటకై దానిని నీటివైపు విల్లువలె వంచి కట్టించెనని చెప్పుదురు. పిమ్మట పలుమారులు తెగినను, ఆ చెఱువు మరల కట్టబడి నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. అధికారముచే సమకూడని జనము ఒక యతియందలి విశ్వాసముచే సమకూడెను. చెఱువులను, తూములను ప్రభుత్వముపై వదలి చేతులు ముడుచుకొను భూస్వాములు ఈ వృత్తాంతమును తలపోయవలయును.

823లో క్యోటో నగరమునందలి తోజీ ఆలయము ఆయన యధీనమయ్యెను. 828లో దాని చేరువనే ఆయన యొక విద్యాశాలను తెరచెను. నాటి ప్రభుత్వ విద్యాలయము ఉన్నతవంశజులకే పరిమితమైయుండ, ఈ శాల సామాన్యులకును ప్రవేశమొసగెను. ఉపాధ్యాయులకును విద్యార్థులకును భోజనమును శాలయే సమకూర్పవలెనని ఆయన సంకల్పము. ఆకలిగొన్నవానికి చదువు పట్టదని యెఱిగినవాడాయన. ఆయన గతించిన కొలది సంవత్సరములకే ఆదరణ లేక ఆ శాల మూతపడెను. గోపురములకు దొరకు ధనము బడికి దొరకకపోవుట ఒక్క జపానుదేశపు వింత మాత్రమే కాదు.

835లో కూకాయి కోయాపర్వతమున దేహము చాలించెను. ఆయన మరణింపలేదనియు, సమాధిలో నున్నాడనియు భక్తుల విశ్వాసము. అందుచే నేటికిని దినమునకు రెండుమారులు ఆయనకు అన్నము కొనిపోవుదురు. 921లో చక్రవర్తి ఆయనకు కోబో దాయిషి యను బిరుదము నొసగెను.

కొండనెక్కు ప్రాచీనమార్గము దిగువనున్న జిసోనిన్ ఆలయము కడ ఆరంభమగును. సుమారు 109 మీటర్లకొకటి చొప్పున 180 శిలాస్తంభములు ప్రధానాలయ ప్రాంగణము వఱకు త్రోవ చూపును. అచ్చటినుండి సమాధి వఱకు మఱి 36. పూర్వము కొయ్యతోనున్న వీనిని 13వ శతాబ్దమున రాతితో నిలిపిరి. పాదచారికి ఇది ఇంచుమించు ఒక దినపు నడక. సమాధిని చేరు తుదిదారి దేవదారు వృక్షముల నీడలో రెండు కిలోమీటర్లు. ఇరుప్రక్కల రెండు లక్షలకు మించిన సమాధులు. ఓడా నోబునాగాయు, 1582లో ఆయనను కూలద్రోసిన అకేచి మిత్సుహిదేయు ఇచ్చట ఒకే వనమున స్మరింపబడుచున్నారు.

అయినను ఈ గిరిచరిత్రమున నొక మచ్చ కలదు. సుమారు వేయేండ్లు స్త్రీలకు అచ్చట ప్రవేశము లేకుండెను. కుమారుని చూడవచ్చిన తల్లియే జిసోనిన్ కడ నిలిచిపోయెననియు, కూకాయి నెలకు తొమ్మిదిమారులు దిగివచ్చి ఆమెను దర్శించెడివాడనియు ఐతిహ్యము. ఆ యూరికి కుదోయామా యను పేరు అందుచేతనే కలిగెనందురు. భక్తురాండ్రు కొండ చుట్టును శిఖరములవెంట నడచి, దూరమునుండియే లోపలి ఆలయములకు మ్రొక్కిరి. 1872లో ప్రభుత్వము నిషేధమును ఎత్తివేసెను. కోయాపర్వతమున అది పూర్తిగా తొలగుటకు మఱి 30 ఏండ్లకు పైగా పట్టెను. స్త్రీలు ప్రవేశించినందున ఆ గిరి పవిత్రత యించుకైనను తగ్గలేదు. తలుపులు మూసి కాపాడవలసిన పవిత్రత పవిత్రతయే కాదని మా యభిప్రాయము.

తల్లికొఱకును, రైతుకొఱకును, బీద విద్యార్థికొఱకును కూకాయి కొండ దిగెను. యాత్రికుడు తాను దాటిన స్తంభములను లెక్కించుకొనుట సులభము. ఆయన దిగిన త్రోవను అనుసరించుటయే కష్టము. మన చెఱువుకట్టలును, పాఠశాలలును, ఆలయద్వారములును ఆ రెండవ త్రోవనే కోరుచున్నవని పాఠకులకు విన్నవించుచున్నాము.