రంగుతో లెక్క తేల్చిన సుబ్బారావు

అన్నం మానేసి చేపలు, గుడ్లతో బరువు తగ్గాలనుకునేవారు మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్లలోనూ ఉన్నారు. మూత్రంలో ముంచిన కీటోన్ స్ట్రిప్ ఊదారంగుకు తిరిగితే కొవ్వు కరిగిపోతోందని సంబరపడుతుంటారు. మీరూ ఆ బాటలో ఉంటే, రంగును కొలమానంగా మార్చిన మన భీమవరం బిడ్డ గురించి తెలుసుకోండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులను బలితీసుకుంది, ఆయన్నూ పీడించింది. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్లు చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధించారు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. ఈ పద్ధతి సాయంతోనే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. మీరు తిన్న అన్నమైనా, కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే కీటోన్లయినా శరీరానికి శక్తినిచ్చేది ఏటీపీగా మారాకే.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం కృషితో ఫోలిక్ యాసిడ్ తయారీ సాధ్యమైంది. బోదకాలుకు ఇప్పటికీ వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కీటోన్ పరీక్ష ఆయన కనిపెట్టింది కాదు. కానీ రంగు దేన్ని కొలుస్తోందో తెలిస్తేనే లెక్కకు విలువన్నది ఆయన పని నేర్పే పాఠం. మూత్రం స్ట్రిప్ చూపేది అసిటోఅసిటేట్‌ను మాత్రమే. రక్తంలో ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ దానికి కనిపించదు. నీళ్లు తక్కువ తాగితే రంగు ముదురుతుంది, ఎక్కువ తాగితే వెలిసిపోతుంది. శ్వాస పరికరం అసిటోన్‌ను పడుతుంది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసే మీటరే ఎక్కువ నమ్మదగింది. ఆహారం వల్ల వచ్చే కీటోసిస్‌లో అది సాధారణంగా లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్ చూపుతుంది. ఎంత కొవ్వు కరిగిందో మాత్రం వీటిలో ఏదీ చెప్పదు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు గానీ వాడుతుంటే డాక్టరును అడగకుండా అన్నం మానేయకండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపిస్తే, రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి రండి. అది ప్రాణం తీసే కీటోఅసిడోసిస్ కావచ్చు. స్ట్రిప్ రంగు లేతగా ఉందని ఇంట్లో ఆగిపోకండి.