ఫిజిక్స్ పాఠాన్ని మార్చిన మేఘనాథ్ సాహా

కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్లో అగ్రకుల విద్యార్థులు మేఘనాథ్ సాహాను తమ పంక్తిలో కూర్చోనివ్వలేదు. 1893లో ఢాకా దగ్గర శియోరాతలిలో ఓ చిన్న కిరాణా కొట్టు కుటుంబంలో పుట్టాడాయన. బెంగాల్ అగ్రకులాలు ఆ కులాన్ని చిన్నచూపు చూసేవి.

1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో గణితం లెక్చరర్‌గా చేరాడు. ఆచార్యుడు గణేశ్ ప్రసాద్‌తో పొసగలేదు. ఉపకులపతిగా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ ఆయన్నూ, సహాధ్యాయి సత్యేంద్రనాథ్ బోస్‌నూ ఫిజిక్స్ విభాగానికి మార్చారు. సాహా ఎమ్మెస్సీ చేసింది గణితంలో. అందుకే ఫిజిక్స్‌ను తాను నేర్చుకుంటూనే విద్యార్థులకు చెప్పాడు.

ఫిజిక్స్ ఎలా చెప్పాలన్న వాదన ఉపాధ్యాయుల మధ్య ఎప్పుడూ ఉంది. స్థిరపడిన సిలబస్ చాలని కొందరంటారు. ఇప్పుడు పుడుతున్న శాస్త్రం కూడా తరగతిలోకి రావాలని మరికొందరంటారు. సాహా రెండో పక్షం. జర్మన్‌లో ఉన్న సాపేక్షతా సిద్ధాంత పత్రాలను బోస్‌తో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1920లో అవి పుస్తకంగా వచ్చాయి. నక్షత్రాల వర్ణపటాలను అర్థం చేసుకోవడానికి తోడ్పడిన ఆయన అయనీకరణ సమీకరణం కూడా ఆ ఏడాదిదే. అలహాబాద్‌లో పదిహేనేళ్లు పాఠం చెప్పాడు, ఉష్ణశాస్త్రంపై పాఠ్యపుస్తకం రాశాడు. 1938లో కలకత్తాకు తిరిగొచ్చి, పరమాణు కేంద్రక భౌతికశాస్త్రాన్ని ఎమ్మెస్సీ సిలబస్‌లో చేర్పించాడు.

1952లో లోక్‌సభకు గెలిచాడు. 1956 ఫిబ్రవరి 16న చనిపోయాడు.

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న వాదనలో మరో ప్రశ్న దాగి ఉంది: ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పాలి? పంక్తిలో చోటు దక్కని ఆయనే తర్వాత పాఠం చెప్పాడు. మన విశ్వవిద్యాలయాల ఫిజిక్స్ విభాగాల్లో పాఠం చెప్పేవాళ్లెవరో ఈ రోజు మనం లెక్క అడగాలి.