శ్రీ పూసపాటి చిన్న విజయరామరాజుగారు

చోడవరమునకు తూర్పుగా, భీమునిపట్టణమునకును విజయనగరమునకును నడుమ, పద్మనాభమను గ్రామము కలదు. కొండమీద అనంతపద్మనాభస్వామియు, కొండక్రింద కుంతిమాధవస్వామియు వెలసియుండుటచే అది పుణ్యక్షేత్రమైనది. ఆ స్థలమునకు మరియొక ప్రఖ్యాతియు కలదు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీని విజయనగర ప్రభువగు చిన్న విజయరామరాజుగారు అచ్చటనే పోరాడి ప్రాణములు విడిచిరి.

1757వ సంవత్సరమున బొబ్బిలి యుద్ధము ముగిసిన వెంటనే పెద విజయరామరాజుగారు తాండ్ర పాపారాయనిచే హతులైరి. పిదప ప్రభుత్వమునకు వచ్చిన ఆనందరాజుగారు ఫ్రెంచివారితో విరోధించి, ఆంగ్లేయులను తామే పిలిపించి, 1758వ సంవత్సరమున చందుర్తి యుద్ధమునందు వారికి తోడ్పడిరి. ఉత్తర సర్కారులలో కుంపిణీవారు కాలూనుటకు ఇదియే మూలము. ఆనందరాజుగారు అచిరకాలముననే పరలోకగతులు కాగా, పెద విజయరామరాజుగారి రాణి ఒక బాలుని దత్తు చేసికొనెను. ఆ బాలుడే మన కథానాయకుడు.

పేరునకు ప్రభువు ఈయన. అధికారము మాత్రము అన్నగారును దివానునైన సీతారామరాజుగారిది. సీతారామరాజుగారు కార్యదక్షులు, కఠినులు. ఇరుగుపొరుగు జమీందారులను లొంగదీసి సంస్థానమును మిక్కిలి విస్తరింపజేసిరి. తమ్ముడు ఆయనను తొలగింపగోరినను, 1778వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డు ఆయననే మరల దివానుగా నిలిపెను. 1784వ సంవత్సరమున కుంపిణీవారి విచారణసంఘము ఈ సంస్థానపు సేన పండ్రెండు వేలకు మించియున్నదని కనుగొని, దానిని తగ్గింపవలెనని చెప్పెను. తాము పిలువగా వచ్చిన స్నేహితులకు తమ బలమే కంటకమయ్యెను.

1793వ సంవత్సరమున సీతారామరాజుగారు మద్రాసునకు పంపబడిరి. ఎట్టకేలకు ప్రభుత్వము విజయరామరాజుగారి చేతికి వచ్చెను. కాని దానితో పేష్కషు బకాయిలును వచ్చినవి. ఎనిమిది లక్షల రూపాయలకు మించిన ఆ మొత్తమును వెంటనే చెల్లింపుమని కుంపిణీవారు నిర్బంధించిరి. చెల్లింపజాలకపోగా సంస్థానమును స్వాధీనపరచుకొని, నెలకు 1,200 రూపాయల భరణముమీద మచిలీపట్టణమున నివసింపుమని ఆజ్ఞాపించిరి.

రాజుగారు కొంతకాలము జాగుచేసి, తుదకు మచిలీపట్టణమునకు పోక పద్మనాభమున విడిసిరి. సుమారు నాలుగువేలమంది వారిని చేరిరి. వారిలో అనేకులు తరతరములుగా ఆ యింటి యుప్పు తిన్న క్షత్రియులు. కర్నలు ప్రెండర్‌గాస్టు సిపాయిల పటాలముతో వచ్చి తెల్లవారుజామున తాకెను. యుద్ధము గడియసేపు దాటి రెండు గడియలు నిండకమున్నే ముగిసెను. రాజుగారును, వారి చుట్టు నిలిచిన ప్రముఖులును ఆ నేలమీదనే ఒరిగిరి. కుంపిణీవారికి కలిగిన నష్టము స్వల్పము.

గెలిచినవారికి వెంటనే శాంతి కలుగలేదు. కుమారుడు నారాయణబాబుగారు మన్యపు కొండలలోనికి తప్పించుకొనిపోగా, అచ్చటి దొరలు ఆయన పక్షము వహించిరి. తుదకు కుంపిణీవారు సంధి చేసికొని, తగ్గింపబడిన జమీందారిని ఆయనకే యిచ్చిరి. బొబ్బిలి మొదలగు పూర్వసంస్థానములు మరల వేరుగా నిలిచినవి. ఆ వంశమువారే 1857వ సంవత్సరమున విజయనగరమున స్థాపించిన పాఠశాల 1879వ సంవత్సరమున కళాశాలయయ్యెను.

విజయరామరాజుగారిని దోషరహితులని చెప్పజాలము. పాలనను ఇతరులకు విడిచిన దోషము వారిది. బకాయిల భారమును ఆ సంస్థానపు రైతులే మోయవలసివచ్చెను. వారితో గూడ మడిసిన వందలమంది కుటుంబముల దుఃఖమును మరువరాదు. అయినను జీవితమంతయు ఒకరి చెప్పుచేతలలో మెలగిన ఆ ప్రభువు, భరణము గైకొని సుఖముగా బ్రదుకుటయో, స్వస్థానమును విడువక యుండుటయో తేల్చుకొనవలసిన దినమున తానే నిశ్చయించుకొనెను. పద్మనాభపు మెట్లెక్కు మన విద్యార్థులు స్వామిని సేవించిన పిమ్మట క్రిందనున్న ఆ మైదానమును ఒకమారు చూచి, ఈ ప్రభువును స్మరింతురు గాక.