చేపలకు జనాభా లెక్కలు రాసిన యోర్ట్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం నుంచి ఫోన్ వచ్చినప్పుడు, బడి జ్ఞాపకాలు ఎలాగూ అందరూ రాస్తారు కదా, నేను వేరే సంగతి రాస్తానన్నాను. తీరా కూర్చున్నాక కలం మళ్లీ శామీర్‌పేట చెరువు మత్తడి దగ్గరికే పోయింది. నేను 1986 టెన్త్ బ్యాచ్. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు సైకిల్ తొక్కుకుంటూ, కుదిరితే బస్సులో వచ్చిన పిల్లల్లో ఒకణ్ణి. వానాకాలంలో మత్తడి దుంకితే చేపలు నీటికి ఎదురెక్కేవి. బడి ఎగ్గొట్టి ఆ వేడుక చూసినవాళ్లు ఈ సంచిక చదివేవాళ్లలోనే ఉన్నారు. పేర్లు రాయను.

ఒక ఏడాది వల వేస్తే తట్టలకు తట్టలు పడేవి. మరో ఏడాది చెరువు అంతే నిండినా వల తేలిగ్గా పైకొచ్చేది. ఎందుకలా అని ఎనిమిదో తరగతిలో మన సైన్స్ సారును అడిగాను. తనకు తెలియదని సారు క్లాసు ముందే చెప్పారు. తెలియదని చెప్పే టీచర్‌ను అప్పటిదాకా చూడలేదు కాబట్టి ఆ ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది.

తరువాత నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఓడల మీద వాడే వించీల పనిలో స్థిరపడ్డాను. 2008లో ఆ పని మీదే నార్వేలోని బెర్గెన్‌లో మూడు వారాలు ఉన్నాను. ఉన్నన్నాళ్లూ వాన. ఒక సాయంత్రం రేవులో ఒక తెల్ల పరిశోధన నౌక కనిపించింది. దాని మీది పేరు నేను తప్పుగా చదివితే, పక్కనున్న నార్వే మెకానిక్ సరిదిద్దాడు. మొదటి అక్షరం పలకకూడదట, యోహాన్ యోర్ట్ అనాలట. ఆయనెవరని అడిగాను. చేపల డైరెక్టరని చెప్పి మెకానిక్ తన పనిలో పడ్డాడు. నేను మాత్రం అక్కణ్ణుంచి ఆయన జీవితం వెంట పడ్డాను. మా సారు ప్రశ్నకు జవాబు వెతకడానికే ఆ మనిషి బతుకంతా పెట్టాడని కొంతకాలానికి తెలిసింది.

యోర్ట్ 1869 ఫిబ్రవరి 18న నార్వే రాజధానిలో పుట్టాడు. ఇప్పటి ఓస్లోను అప్పుడు క్రిస్టియానియా అనేవారు. తండ్రి కంటి వైద్యంలో ప్రొఫెసర్. కొడుకూ డాక్టరే కావాలని ఇంట్లో అనుకున్నారు, కుర్రవాడు వైద్యంలో చేరాడు కూడా. కాని మనసు జంతుశాస్త్రం మీద ఉంది. మ్యూనిక్ వెళ్లి హెర్ట్‌విగ్ దగ్గర చదివి 1892లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ రోజుల్లో జంతుశాస్త్రమంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పిండం ఎలా పెరుగుతుందో గీయడం. యోర్ట్ కూడా అదే చేశాడు. నార్వేకు తిరిగొచ్చాక ఆయన్ని సముద్రం లాక్కుంది.

నార్వేలో కాడ్ చేప అంటే మనకు వరి లాంటిది. ఏటా చలికాలంలో ఉత్తరాది బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ లక్షలాదిగా లోఫోటెన్ దీవులకు గుడ్లు పెట్టడానికి వస్తుంది. వేలమంది పడవలేసుకుని దాని కోసం కాచుకుంటారు. వచ్చిన ఏడాది పండగ. పలచబడిన ఏడాది అప్పు, పస్తులు. 1860లలోనే గేయోర్గ్ ఓసియాన్ సార్స్ అనే శాస్త్రవేత్తను ప్రభుత్వం అక్కడికి పంపింది. కాడ్ గుడ్లు అడుగున అంటుకుని ఉండవు, నీళ్లలో తేలుతూ పోతాయని ఆయన కనిపెట్టాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని గుడ్లు తేలితే వాటిని ప్రవాహం ఎటు తీసుకెళ్తుందో ఒడ్డున కూర్చుని చెప్పలేం. వెంట ఓడ ఉండాలి.

ఆ ఓడను కట్టించినవాడు యోర్ట్. 1900లో తయారైన దానికి సార్స్ గారి తండ్రి పేరు మీద మిఖాయెల్ సార్స్ అని పేరు పెట్టారు. ఆవిరితో నడిచే ట్రాలర్ నమూనా అది. వేటగాళ్ల పెద్ద వలా వేయగలదు, గుడ్లు, లార్వాలు పట్టే సన్నని పట్టువలా లాగగలదు. యోర్ట్ మొదటి తెలివి నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంతకుముందే ఫియోర్డుల్లో లోతున వల లాగి, అక్కడ రొయ్యలు కుప్పలుగా ఉన్నాయని ఆయన చూపించాడు. దాంతో నార్వేలో రొయ్యల వేటే కొత్తగా మొదలైంది. శాస్త్రం కోసం వేసిన వల ఎవరో ఒకరికి కూడు పెట్టింది కాబట్టి, ఓడకు డబ్బడిగితే ప్రభుత్వం కాదనలేకపోయింది.

నా వృత్తి మాట ఒకటి చెప్పుకోనివ్వండి. లార్వా వల లాగడం వినడానికి సులువు. వల ఎంత లోతుకు పోయింది, దాని మూతి గుండా ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు వడకట్టబడ్డాయి, ఈ రెండూ తెలియకపోతే అందులో పడ్డ గుడ్ల లెక్కకు అర్థం లేదు. ఒకసారి సముద్ర పరీక్షలో నేను బిగించిన తీగ మీటరే తప్పు చూపింది. ఒక రోజు పనంతా వృథా అయింది. అప్పుడు నేను పడ్డ సిగ్గు చిన్నది కాదు. వంద ఏళ్ల కిందట ఆవిరి వించీతో, చేతి లెక్కతో, మంచు గాలిలో ఆ పని చేసినవాళ్లంటే అందుకే నాకంత గౌరవం.

ఇక కెప్టెన్ దన్నెవిగ్‌తో గొడవ. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గుండెర్ దన్నెవిగ్ నావికుడు, పట్టుదల మనిషి. 1882లో ఫ్లోదెవిగెన్‌లో హేచరీ పెట్టి, కోట్ల కొద్దీ కాడ్ పిల్లలను పొదిగించి ఫియోర్డుల్లో వదిలేవాడు. చేపలు పెరిగాయని జనం నమ్మారు. యోర్ట్‌కు అనుమానం వచ్చింది. ఒక్క తల్లి కాడ్ లక్షల్లో గుడ్లు పెడుతుంది. సముద్రంలో పుట్టేదానితో పోలిస్తే హేచరీ వదిలేది ఏ మూలకు? వదిలినవాటిలో ఎన్ని బతికాయో ఎవరైనా చూశారా? ఇద్దరూ వాదించుకుని ఆగిపోలేదు. ఉమ్మడిగా పరీక్ష పెట్టుకున్నారు. పిల్లలు వదిలిన ఫియోర్డుల్లో, వదలని ఫియోర్డుల్లో ఒడ్డువల లాగి చిన్న చేపలను లెక్కించారు. ఫలితం వచ్చాక ఎవరి అర్థం వాళ్లు చెప్పుకున్నారు, గొడవ తెగలేదు. హేచరీ నుంచి పిల్లలను వదలడం 1971 దాకా సాగింది. కాని అక్కడ 1919లో మొదలైన ఒడ్డువల లెక్కింపు ఈ కాలం దాకా నడుస్తూ వచ్చింది. ప్రపంచంలో అన్నేళ్ల చేపల లెక్క ఉన్న చోట్లు చాలా తక్కువ.

యోర్ట్ 1906లో చేపల శాఖ డైరెక్టరయ్యాడు. అప్పటికి అందరి నమ్మకం ఒకటే. చేప తక్కువ పడితే అది వేరే చోటికి వలసపోయిందని, ఎక్కువ పడితే ఇటు వచ్చిందని. యోర్ట్ మనుషుల జనాభా లెక్కల వైపు చూశాడు. ఊళ్లో ఎంతమంది ఉన్నారన్నది మాత్రమే కాదు, ఏ వయసు వాళ్లు ఎంతమంది అన్నది తెలిస్తేనే రేపటి ఊరు కనిపిస్తుంది. మరి చేప వయసు తెలిసేదెలా? దాని పొలుసు మీద చెట్టు మానులో ఉన్నట్టు ఏడాదికొక వలయం ఉంటుంది. ఆయన సహాయకులు, ముఖ్యంగా ఐనార్ లేయా, వేల హెర్రింగ్ చేపల పొలుసులు కూర్చుని చదివారు. హెర్రింగ్ అంటే మన కవళ్ల కుటుంబానికి చెందిన చేపే. స్కాట్లండ్‌లో డార్సీ థాంప్సన్ అంతటి పండితుడు ఈ వలయాల లెక్కను నమ్మలేదు.

నమ్మకపోయినా లెక్క తన కథ తాను చెప్పింది. 1904లో పుట్టిన హెర్రింగ్ పిల్లలు విపరీతంగా బతికాయి. 1910లో నార్వే వలల్లో పడ్డ పెద్ద హెర్రింగ్‌లో నూటికి 70కి పైగా ఆ ఒక్క ఏడాది సంతానమే. మరి కొన్నేళ్లు ఆ ఒక్క కాన్పే జాలర్లను పోషించింది. ముందూ వెనకా పుట్టినవి ఆనవాలుకు ఉన్నాయంతే. అంటే వల బరువు చేప ఇటు వచ్చిందా అటు పోయిందా అన్నదాని మీద కాదు, ఎన్నో ఏళ్ల కిందట దాని పసితనంలో ఏం జరిగిందన్న దాని మీద ఆధారపడింది.

ఈ మధ్యలోనే, 1910లో, పెద్ద యాత్ర ఒకటి జరిగింది. చాలెంజర్ నౌక మీద పనిచేసిన సర్ జాన్ మర్రే ఖర్చంతా తను భరిస్తానన్నాడు, నార్వే ఓడనిచ్చింది. మిఖాయెల్ సార్స్ ఉత్తర అట్లాంటిక్‌లో తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి 1912లో తెచ్చిన పుస్తకం సముద్ర శాస్త్రంలో చాలాకాలం పెద్ద దిక్కు.

1914లో యోర్ట్ తన లెక్కలన్నీ ఒక గ్రంథంగా వేశాడు. ఎన్ని గుడ్లు పెట్టారన్నది అసలు సంగతి కాదన్నది అందులో ఆయన వాదన. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది, కొద్దిరోజుల చద్ది మూట అనుకోండి. అది అయిపోయిన రోజున నోటి ముందు తగిన సూక్ష్మజీవులు ఉండాలి. లేకపోతే ఆ తరం మొత్తం పోతుంది. లేదా ప్రవాహం వాటిని పెరగలేని చోటికి కొట్టుకుపోయినా పోతుంది. ఈ వందేళ్లలో దీన్ని పరీక్షించని దేశం లేదంటే పెద్ద తప్పు కాదు. మొదటి మేత ఒక్కటే కారణం కాదని, పిల్లలను తినే జీవులూ, తరువాతి నెలలూ కూడా లెక్కలోకి వస్తాయని ఇప్పుడు అంటున్నారు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మారలేదు. యూరప్‌లో 1977 నుంచి మూడేళ్లకోసారి అనేక దేశాల ఓడలు కలిసి మాకెరెల్ గుడ్లను లెక్కించి, ఆ లెక్కతో తల్లి చేపలెన్ని ఉన్నాయో కట్టి, ఎంత పట్టొచ్చో చెబుతున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన పదవికి ముగింపు తెచ్చింది. నార్వే తటస్థ దేశం. దాని చేపలు జర్మనీకి పోకుండా బ్రిటన్ కొనుక్కునే ఒప్పందంలో యోర్ట్ ముఖ్య పాత్ర వహించాడు. దాని అమలు మీద తన ప్రభుత్వంతోనే పడలేదు. తను కట్టిన శాఖను, ఓడను వదిలి రాజీనామా చేశాడు. కొన్నాళ్లు డెన్మార్క్, కేంబ్రిడ్జ్‌లలో గడిపి 1921లో ఓస్లోలో ప్రొఫెసరయ్యాడు. నచ్చజెప్పే ఓపిక తక్కువ మనిషని నాకనిపిస్తుంది. ఓపిక ఉంటే మరో పదేళ్లు ఆ ఓడ మీదే ఉండేవాడేమో.

తరువాత ఆయన చూపు తిమింగలాల మీద పడింది. 1933లో ఇద్దరు సహచరులతో కలిసి, ఒక జీవజాతి నుంచి ఏటా ఎంత తీసుకుంటే అది తరగకుండా ఉంటుందో గణితంతో చూపాడు. జనాభా మరీ తక్కువగా ఉన్నప్పుడు కాదు, నిండుగా ఉన్నప్పుడూ కాదు, మధ్యలో ఉన్నప్పుడే పెరుగుదల ఎక్కువ. అంటార్కిటిక్ వేట కంపెనీలు ఆ వక్రరేఖను చూసి ఆగలేదు. 1938 నుంచి అంతర్జాతీయ సముద్ర అన్వేషణ మండలికి అధ్యక్షుడిగా ఉండి, 1948 అక్టోబర్ 7న కన్నుమూశాడు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. విశాఖలోని ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా ఓడలు మన సముద్రంలో చేపల వనరులను అంచనా కడుతుంటాయి. జాలరి ఇంట్లో ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుందో విశాఖలో పనిచేసినప్పుడు కళ్లారా చూశాను కాబట్టి, ఆ తేదీల వెనక గట్టి లెక్క ఉండటం ఎంత అవసరమో నాకు తెలుసు.

కిందటి సంక్రాంతికి మా సైన్స్ సారు ఇంటికి వెళ్లి ఈ కథంతా చెప్పాను. సారుకు నా పాత ప్రశ్న గుర్తు లేదు. అంతా విని, మరి మన చెరువుల్లో ఏటా చేపపిల్లలు వదులుతారు కదా, అదీ దన్నెవిగ్ పనేనా అని అడిగారు. అలా కాదు సార్ అన్నాను. బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, పారే నీరు కావాలి. 1957లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో వాటిని ఈనించే పద్ధతి కనుక్కున్నాకే మన చెరువులకు చేపపిల్లలు ఇంత సులువుగా దొరుకుతున్నాయి. మనం వదలకపోతే అవి ఉండవు. సారు ఒప్పుకున్నారు. వదిలినవాటిలో ఎన్ని పెరిగి వలకు వస్తాయో మాత్రం ఎవరైనా లెక్కించాలి కదా అన్నారు. ఎండాకాలం శామీర్‌పేటలో వల లాగే రోజు తెలిస్తే ముందుగా ఫోన్ చేయమన్నారు, ఒక నోటు పుస్తకం కూడా తెమ్మన్నారు.