చీకటి గదుల్ని చూపిన విలేఖరి

డెన్మార్క్ దేశంలో రీబే అనే పాత పట్టణం ఒకటుంది. సుమారు 1861లో అక్కడి బడిపంతులు గారి అబ్బాయికి క్రిస్మస్ కానుకగా ఒక మార్కు దొరికింది. అప్పటికి వాడి వయస్సు పన్నెండేళ్లు. ఆ ఊళ్లో దిక్కులేని కుటుంబాలు తలదాచుకునే మురికి కొంప ఒకటుండేది. అబ్బాయి ఆ డబ్బు తీసుకుని నేరుగా అక్కడికి వెళ్లాడు. ఒక పేద కుటుంబం చేతిలో దాన్ని పెట్టి, ఇల్లు శుభ్రం చేసుకోవాలి, పిల్లల్ని శుభ్రంగా ఉంచాలి అని షరతు పెట్టాడు. ఆ అబ్బాయి పేరు జాకబ్ రీస్. ఇచ్చే మనసు, ఇస్తూనే షరతు పెట్టే తత్వం రెండూ జీవితాంతం ఆయనను విడిచిపెట్టలేదు.

రీస్ 1849 మే 3న జన్మించాడు. కొడుకు చదువుకుని రచయిత కావాలని తండ్రి ఆశపడితే, ఆయన వడ్రంగం నేర్చుకున్నాడు. పని చేసే మిల్లు యజమాని ఇంటి అమ్మాయి ఎలిజబెత్ మీద మనసు పడ్డాడు. ఆమె కాదన్నది. గుండె పగిలిన యువకుడు 1870లో ఓడ ఎక్కి న్యూయార్క్ చేరాడు. స్నేహితులు పోగుచేసి ఇచ్చిన నలభై డాలర్లే ఆయన ఆస్తి. అమెరికా అంటే అడవి మృగాలు, దొంగలు అనుకుని, దిగగానే అందులో సగం పెట్టి తుపాకి కొన్నాడట!

తుపాకి కడుపు నింపలేదు. వడ్రంగం, గని పని, ఇటుకల బట్టీ, ఊరూరా తిరిగి సరుకులమ్మడం - ఏదీ నిలవలేదు. చివరకు న్యూయార్క్ వీధుల్లో తిండి లేక, గుమ్మాల్లో పడుకునే స్థితికి వచ్చాడు. ఒక వర్షపు రాత్రి వీధికుక్క ఒకటి ఆయన వెంటపడింది. ఇల్లులేని వారికోసం పోలీసు స్టేషన్లలో ఆ రోజుల్లో వసతి గదులుండేవి. చర్చి స్ట్రీట్ స్టేషన్‌లోని అటువంటి గదిలోకి ఆయనను రానిచ్చి, కుక్కను బయటే ఉంచేశారు. ఆ రాత్రి నిద్రలో ఆయన మెడలోని లాకెట్‌ను ఎవరో దొంగిలించారు. ఫిర్యాదు చేస్తే ఆయననే దొంగగా చూసి బయటికి గెంటారు. మెట్ల మీద కాచుకుని ఉన్న కుక్క యజమాని కోసం పోలీసు మీదికి దూకింది. ఆ పోలీసు దాన్ని రాతికేసి కొట్టి చంపేశాడు. ఈ సంఘటనను రీస్ ఎన్నడూ మరచిపోలేదు.

1873లో ఆయనకు పత్రికా ఉద్యోగం దొరికింది. కొద్దికొద్దిగా నిలదొక్కుకున్నాడు. ఇంతలో ఎలిజబెత్‌కు నిశ్చయమైన వరుడు మరణించాడని తెలిసి మళ్లీ ఉత్తరం రాశాడు. ఈసారి ఆమె సరేనన్నది. 1876లో రీబేలోనే వారి వివాహం జరిగింది.

1877లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక ఆయనను పోలీసు వార్తల విలేఖరిగా నియమించింది. మల్బరీ వీధిలో పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగానే ఆఫీసు. పని ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి నడిచే దారి మల్బరీ బెండ్ అనే మురికివాడ గుండా ఉండేది. అక్కడి అద్దె ఇళ్లను టెనెమెంట్లు అనేవారు. అంతస్తు మీద అంతస్తు, గది వెనుక గది, లోపలి గదులకు కిటికీ అన్నది లేదు. వెలుతురు రాదు, గాలి ఆడదు. యూరపు నుండి ఓడలు దిగిన ఇటలీవారు, యూదులు, ఐరిష్‌వారు అందులోనే వండుకుని, అందులోనే బట్టలు కుట్టి, అందులోనే పిల్లలను కని, క్షయతో అందులోనే మరణించేవారు. నగర జనంలో ఎక్కువమంది బ్రతుకు అదే. 1900 నాటికి ఎనభై వేలకు పైగా ఉన్న ఇటువంటి ఇళ్లలో సుమారు 23 లక్షల మంది ఉండేవారు.

రీస్ ఇవన్నీ రాశాడు. ఎవరూ కదలలేదు. ధనవంతులు కొద్ది వీధుల అవతలే ఉన్నా, ఆ వైపు వారు అడుగు పెట్టరు. మాటతో నమ్మించలేకపోతున్నాను, చూపించగలిగితే బాగుండును అని ఆయన బాధ. కాని చీకటి గదిని ఫొటో తీయడమెట్లా?

1887లో ఒక ఉదయం పత్రిక తిరగేస్తుండగా నాలుగు పంక్తుల వార్త కంటబడింది. మెగ్నీషియం పొడిని మండిస్తే క్షణకాలం కలిగే వెలుగులో కారు చీకటిలోనైనా ఫొటో తీయవచ్చునని జర్మనీలో కనుగొన్నారు. కొద్ది రోజులలోనే ఆరోగ్యశాఖలోని ఒక మిత్రుడు, మరికొందరు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు ఆయనకు తోడయ్యారు. అర్ధరాత్రి తలుపులు తోసుకుని వెళ్లడం, తుపాకిలాంటి సాధనంతో పొడిని పేల్చడం, జనం కళ్లు నలుపుకునేలోగా బయటపడడం - ఇదీ పద్ధతి. జనం హడలిపోయేవారు. తరువాత తుపాకి మాని పెనం మీద పొడి పోసి మండించాడు. తోడు వచ్చినవారు నిద్ర మానుకోలేక తప్పుకుంటే 1888లో సొంత కెమెరా కొన్నాడు.

ప్రమాదాలూ జరిగాయి. ఒకసారి అంధులు నివసించే గదిలో ఫొటో తీస్తుండగా గోడకున్న కాగితాలు అంటుకున్నాయి. ఆ గుడ్డివారికి విషయం తెలియకుండానే ఒంటరిగా మంటలార్పి, వణుకుతూ కిందికి వచ్చి పోలీసుకు చెప్పాడు. పోలీసు నవ్వాడు. ఆ ఇల్లు తగులబడడానికి కూడా వీలులేనంత మురికిగా ఉంటుందని అతని సమాధానం.

బేయర్డ్ వీధిలో ఆయన తీసిన ఫొటో ఒకటి ప్రసిద్ధం. పదమూడు అడుగులైనా లేని గదిలో పన్నెండు మంది స్త్రీపురుషులు పడుకుని ఉంటారు. రాత్రికి మనిషికి ఐదు సెంట్లు అద్దె. మెరుపు వెలుగుకు సగం లేచిన ఆ ముఖాలు ఇప్పటికీ మనవైపే చూస్తున్నట్లుంటాయి.

ఈ ఫొటోలను లాంతరు వెలుగులో తెర మీద చూపిస్తూ ప్రసంగించాలని రీస్ బయలుదేరాడు. చర్చిల తలుపులు తట్టాడు. చాలామంది ఒప్పుకోలేదు. తాను డీకన్‌గా ఉన్న బ్రూక్లిన్‌లోని చర్చి కూడా కాదన్నది. ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చాడు. చివరకు బ్రాడ్‌వే టాబర్నకిల్‌లో అవకాశం దొరికింది. తెర మీది ఆ చిత్రాలు చూసి కొందరు కంటతడి పెట్టారు. 1889లో స్క్రిబ్నర్స్ పత్రిక ఆయన వ్యాసాన్ని ప్రచురించింది. 1890లో హౌ ది అదర్ హాఫ్ లివ్స్ అనే పుస్తకం వెలువడింది. నగరంలోని మిగిలిన సగం ఎలా బ్రతుకుతున్నదో తెలియని సగానికి అది జవాబు.

పుస్తకం చదివి ఒక యువ నాయకుడు ఆయన ఆఫీసుకు వెళ్లాడు. రీస్ లేకపోవడంతో, సహాయం చేయడానికి వచ్చానని చీటీ రాసి పెట్టి వెళ్లాడు. ఆయనే థియొడోర్ రూజ్‌వెల్ట్. 1895లో ఆయన పోలీసు బోర్డుకు అధ్యక్షుడైనప్పుడు ఇద్దరూ కలిసి రాత్రులు నగరమంతా నడిచారు. ఒక రాత్రి రెండు గంటలకు చర్చి స్ట్రీట్ స్టేషన్‌లో నిలబడి రీస్ తన కుక్క కథ చెప్పాడు. 1896లో ఆ వసతి గదులన్నీ మూతపడ్డాయి.

1891లో నగరానికి వచ్చే త్రాగునీటిలో కాలుష్యం ఉన్నదని అనుమానించి, క్రోటన్ వాగుల వెంట కెమెరాతో తిరిగి, ఊళ్ల మురుగు అందులో కలుస్తున్న చోట్లను ఫొటోలు తీశాడు. నగరం ఆ పరిసర భూములను కొనక తప్పలేదు. ఏళ్ల తరబడి పోరాడిన మీదట మల్బరీ బెండ్ కూల్చబడి, 1897లో ఆ స్థలం పార్కు అయింది. ప్రారంభోత్సవానికి ఆయనను పిలవనే లేదు. జనంలో ఒకడిగా నిలబడి చూశాడు. చివరకు వక్తలలో ఒకరు పేరు చెప్పి జేజేలు పలికించారు.

1901లో న్యూయార్క్ రాష్ట్రం కొత్త గృహచట్టం చేసింది. ఇకపై కట్టే ఇంట్లో ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ, ప్రతి కాపురానికీ విడిగా మరుగుదొడ్డి, అగ్నిప్రమాదంలో తప్పించుకునే మెట్లు ఉండి తీరాలి. ఇది ఒక్కరి విజయం కాదు. చట్టం కోసం శ్రమించిన లారెన్స్ వీలర్ వంటివారు ఎందరో ఉన్నారు. కాని కళ్లు తెరిపించినవాడు రీస్.

ఆయనలో లోపాలు లేకపోలేదు. చైనావారిని, యూదులను, ఇటలీవారిని గురించి ఆయన రాసిన మాటలు కొన్ని నేడు చదివితే బాధ కలుగుతుంది. నిద్రిస్తున్న పేదవాని గదిలోకి అనుమతి లేకుండా వెళ్లే హక్కు ఎవరిచ్చారని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ధనవంతుని పడకగదిలోకి ఆయన అలా వెళ్లి ఉండేవాడా? అయితే తాను కూడా ఒకనాడు ఆ నేల మీద పడుకున్నవాడే కనుక, వారి కష్టాన్ని తమాషాగా మాత్రం ఆయన ఎన్నడూ చూపలేదు.

1914 మే 26న మసాచుసెట్స్‌లోని బారీ గ్రామంలో తన పొలం దగ్గర రీస్ కన్నుమూశాడు. ఫొటోగ్రాఫర్‌నని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. గాజు పలకలు అటక మీద మరుగున పడి ఉంటే, అలెగ్జాండర్ ఆలండ్ అనే ఫొటోగ్రాఫర్ పట్టుదల వల్ల 1940లలో బయటికి వచ్చి న్యూయార్క్ నగర మ్యూజియం చేరాయి.

ఆ పలకల మీది మనుషుల పేర్లు మనకు తెలియవు. వారు మరణించి ఎంతో కాలమైంది. వారి తరువాత కట్టిన ఇళ్లలో మాత్రం ప్రతి గదికీ ఒక కిటికీ ఉంది.