కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - మే 8, 1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు, చారిత్రక సామగ్రి సేకర్త, భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరల్. దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతాలలో, గ్రామ గ్రామం నుండి సేకరించబడిన కైఫియత్తుల వలన ఇతని పేరు తెలుగువారికి సుపరిచితమైనది. స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న ఒక మారుమూల దీవిలో జన్మించి, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో భారతదేశానికి వచ్చిన మెకంజీ మరల స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. తెలుగు నేర్వకుండానే తెలుగు చరిత్రకు అమూల్యమైన ఆధారాలను సమకూర్చగలగడానికి అతని వద్ద పనిచేసిన ఏలూరు వాస్తవ్యులు కావలి సోదరులు ముఖ్య కారకులు.

1855లో బొల్లారంలో జరిగిన అల్లర్లలో గాయపడిన హైదరాబాదు కంటింజెంటు సైన్యాధికారి పేరు కూడా కాలిన్ మెకంజీయే. ఆయన వేరొక వ్యక్తి.

జన్మస్థలం

మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. ఇది బాహ్య హెబ్రిడీస్ ద్వీపసమూహంలో ఉత్తరాన ఉన్న దీవి. సుమారు 58 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, అట్లాంటిక్ మహాసముద్రపు గాలులకు ఎదురుగా ఉంటుంది. మించ్ అనే జలసంధి దీనిని స్కాట్లండు ప్రధాన భూభాగం నుండి వేరు చేస్తున్నది. దీవిలో చెట్లు అరుదు. భూమిలో అధికభాగం పీట్ అనబడే నల్లని బురదనేల. దీనిని ఇటుకల వలె కోసి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడేవారు. ప్రజల భాష గేలిక్. 1266 వరకు ఈ దీవులు నార్వే రాజుల ఏలుబడిలో ఉన్నందున ఊళ్ళ పేర్లలో నేటికీ ఆ భాష ఛాయలు కనిపిస్తాయి. 17వ శతాబ్దం తొలినాళ్ళ నుండి లూయిస్ దీవి మెకంజీ వంశపు ప్రభువుల అధీనంలో ఉండేది.

దీవి పడమటి తీరాన కలనిష్ అనే చోట సుమారు 5,000 సంవత్సరాల నాటి నిలువురాళ్ళ వలయం ఉన్నది. మెకంజీ బాల్యంలో ఆ రాళ్ళు సగం వరకు పీట్‌లో కూరుకుపోయి ఉండేవి. 1857లో ఆ మట్టిని తొలగించిన తరువాతనే వాటి పూర్తి ఎత్తు లోకానికి తెలిసినది.

తండ్రి మర్డాక్ మెకంజీ స్టోర్నోవేలో వర్తకుడు. కాలిన్ మెకంజీ కొంతకాలం ఆ రేవులో సుంకాల శాఖ అధికారిగా పనిచేశాడు. ఉత్తర అమెరికా ఖండంలో ప్రయాణించి 1789లో ఆర్కిటిక్ మహాసముద్ర తీరానికి చేరిన అన్వేషకుడు అలెగ్జాండర్ మెకంజీ జన్మస్థలం కూడా ఈ చిన్న పట్టణమే.

భారతదేశానికి రాక

మెకంజీకి చిన్ననాటి నుండి గణితశాస్త్రంపై ఆసక్తి మెండు. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ వంశీయుడైన నేపియర్ ప్రభువు, తన పూర్వీకుని జీవిత చరిత్ర కొరకు హిందువుల గణితం గురించిన వివరాలు సేకరించదలచి, ఆ పనిలో మెకంజీ సహాయం తీసుకున్నాడని చెబుతారు. 1783లో మెకంజీ కంపెనీ వారి మద్రాసు సైన్యంలో చేరాడు. నేపియర్ కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ అప్పట్లో మదురైలో నివసించేది. ఆమె ద్వారా అక్కడి పండితులతో పరిచయం కలిగినది. ప్రాచీన విషయాల సేకరణ అనే ఆలోచన అక్కడే నాటుకున్నది.

1786లో ఇంజనీర్ల విభాగానికి మారిన తరువాత నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో పనిచేశాడు. 1790-92 మధ్య టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు.

నిజాం రాజ్యంలో

1792లో యుద్ధం ముగిసిన పిమ్మట మెకంజీ నిజాం రాజ్యంలోని కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా, సర్వేయరుగా నియమితుడైనాడు. దక్కను పీఠభూమికి సరియైన పటం అప్పటికి లేదు. సైన్యం నడిచే దారులు, నదుల రేవులు, కనుమలు, కోటలు తెలుసుకోవడం కంపెనీకి అవసరమైనది. కాబట్టి మెకంజీ పని మొదట సైనిక అవసరాల కొరకు మొదలైనదేనని గమనించాలి. మధ్యలో 1793లో పుదుచ్చేరి ముట్టడికి, 1795-96లో సింహళానికి వెళ్ళవలసి వచ్చినందున ఈ సర్వే పలుమార్లు ఆగిపోయినది. అయినప్పటికీ 1796లో నిజాం రాజ్యపు పటాన్ని ప్రభుత్వానికి సమర్పించాడు.

ఈ ప్రయాణాలలోనే 1794లో నల్లమల అడవుల గుండా శ్రీశైలం చేరాడు. ఆలయ ప్రాకారంపై చెక్కిన శిల్పాలను శ్రద్ధగా పరిశీలించి వర్ణించాడు. గర్భాలయంలోని చీకటిలో మల్లికార్జున లింగం కనిపించడానికి అద్దంతో సూర్యకాంతిని లోపలికి ప్రసరింపజేసేవారని వ్రాసుకున్నాడు. ఈ వ్యాసం 1798లో ఆసియాటిక్ రీసెర్చెస్ ఐదవ సంపుటంలో ప్రచురితమైనది.

కావలి సోదరులు

మెకంజీకి తెలుగు గానీ, సంస్కృతం గానీ, మరే ఇతర దక్షిణాది భాష గానీ వచ్చేది కాదు. ఈ లోటును 1796 ప్రాంతంలో అతని వద్ద చేరిన కావలి వెంకట బొర్రయ్య తీర్చాడు. అప్పటికి బొర్రయ్య వయసు ఇరవై ఏళ్ళు. ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఇతడు తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు తదితర భాషలు నేర్చినవాడు. గ్రామాలలో కరణాలను, పూజారులను, మఠాధిపతులను ఒప్పించి వ్రాతప్రతులు సంపాదించడం, పాత కన్నడ లిపిలోని శాసనాలను చదవడం ఇతని ప్రత్యేకత. జైనుల గురించి బొర్రయ్య సేకరించిన వివరాలు 1807లో ఆసియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో వెలువడ్డాయి. కానీ అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1803లో, అతడు చిన్న వయసులోనే మరణించాడు.

బొర్రయ్య తరువాత ఆ బాధ్యతను తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య స్వీకరించి, మెకంజీ మరణించే వరకు నిర్వహించాడు. మరొక తమ్ముడు కావలి వెంకట రామస్వామి కూడా ఇదే సంస్థలో పనిచేశాడు. రామస్వామి 1829లో కలకత్తాలో ఇంగ్లీషు భాషలో దక్కను కవుల చరిత్రను ప్రచురించాడు. తన అన్న బొర్రయ్య జీవిత విశేషాలను కూడా అందులో చేర్చాడు.

మైసూరు సర్వే

1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో మెకంజీ నిజాం పక్షపు సైన్యానికి ఇంజనీరుగా పనిచేశాడు. టిప్పు పతనం తరువాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే బాధ్యత అతనికి అప్పగించబడినది. దాదాపు పదేళ్ళు సాగిన ఈ పనిలో సుమారు 40,000 చదరపు మైళ్ళ ప్రాంతాన్ని కొలిచారు. గొలుసులతో, కోణమాపకాలతో చేసే కొలతలకు తోడు నేలల స్వభావం, చెరువులు, పంటలు, వృత్తులు, జనాభా, స్థానిక రాజవంశాల చరిత్ర కూడా నమోదు చేయడం దీని విశేషం. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ తొలిదశలో ఈ బృందంలో ఉన్నాడు. 1810లో మెకంజీ మద్రాసు సర్వేయరు జనరల్‌గా నియమితుడైనాడు. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాల సర్వే కూడా ఇతని పర్యవేక్షణలో 1809-1815 మధ్య జరిగినది.

కైఫియత్తులు

కైఫియత్తు అనగా ఒక గ్రామానికి సంబంధించిన స్థితిగతుల వివరణ. గ్రామానికి ఆ పేరు ఎట్లా వచ్చినది, ఎవరు కట్టించారు, ఏయే రాజులు పాలించారు, గుడులు ఎన్ని, మాన్యాలు ఎవరివి, చెరువులు ఎవరు త్రవ్వించారు మొదలైన విషయాలు ఇందులో ఉంటాయి. కరణాల ఇళ్ళలోని దండకవిలెలు, తామ్రశాసనాలు, గుడి గోడలపై ఉన్న శాసనాలు, ఊరి పెద్దలు చెప్పిన కథలు వీటికి ఆధారాలు. నారాయణరావు, ఆనందరావు వంటి అనుచరులు ఊరూరా తిరిగి వీటిని వ్రాయించి లక్ష్మయ్యకు పంపేవారు. వారు తమ దినచర్యలను కూడా నివేదించేవారు.

ఈ పని సులభంగా సాగలేదు. పన్నులు పెంచడానికి, మాన్యాలు లాగుకొనడానికి వచ్చారేమోనన్న అనుమానంతో అనేకులు కాగితాలు చూపించడానికి వెనుకాడేవారు. వారి అనుమానం పూర్తిగా నిరాధారమైనదని చెప్పలేము. భూమి హక్కులకు సంబంధించిన ఈ సమాచారం కంపెనీ పాలనకు పనికివచ్చేదే. కానీ సేకరణకు అయిన ఖర్చులో చాలా భాగాన్ని మెకంజీ తన జీతం నుండే భరించాడు.

కైఫియత్తులలో కట్టుకథలు, వంశాల గొప్పలు, తారీఖుల పొరపాట్లు ఉన్నాయి. కాబట్టి వీటిని శాసనాలతో పోల్చి చూసిన తరువాతనే చరిత్రకారులు స్వీకరిస్తారు. అయితే తరువాతి కాలంలో శిథిలమైన గుడులు, పగిలిపోయిన శాసనాలు, కనుమరుగైన గ్రామాలు పలు సందర్భాలలో వీటిలో మాత్రమే మిగిలి ఉన్నాయి.

అమరావతి

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణాన్ని నిర్మిస్తున్న కాలంలో అక్కడి దీపాలదిన్నెను రాళ్ళ కొరకు త్రవ్వించగా చెక్కడాలు గల సున్నపురాతి ఫలకాలు బయటపడ్డాయి. ఈ సంగతి విని మెకంజీ 1798 ప్రాంతంలో ఆ స్థలాన్ని దర్శించాడు. అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. మెకంజీ దానిని జైనులకు సంబంధించినదిగా తలచాడు. 1816లో తన బృందంతో మరల వచ్చి కొన్ని నెలల పాటు కొలతలు తీయించి, 80కి పైగా చిత్రాలను గీయించాడు. ఈ మధ్యకాలంలో అనేక ఫలకాలు కట్టడాలలో కలిసిపోయాయి. మరికొన్ని సున్నం కొరకు కాల్చబడ్డాయి. ఈ కారణంగా స్తూపపు పూర్వరూపాన్ని ఊహించడానికి ఆ చిత్రాలు నేడు ముఖ్యమైన ఆధారాలు.

జావా, కలకత్తా, మరణం

1811లో జావా దీవిపై దండయాత్రలో మెకంజీ పాల్గొని, అక్కడ సుమారు రెండు సంవత్సరాలు ఉన్నాడు. ప్రంబనన్ ఆలయ శిథిలాలను పరిశీలించాడు. డచ్చి వ్రాతప్రతులు సేకరించాడు. 1812లో పెట్రోనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడాడు. 1815లో భారతదేశ సర్వేయరు జనరల్‌గా నియమితుడై 1817లో కలకత్తాకు నివాసం మార్చాడు. లక్ష్మయ్య కూడా అతనితో వెళ్ళాడు. సేకరించినదంతా క్రమపరచి గ్రంథంగా వెలువరించాలని మెకంజీ ఆశించినా, ఉద్యోగ బాధ్యతలు, అనారోగ్యం అడ్డుపడ్డాయి. 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు. అతని సమాధి కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది.

సేకరణ తరువాతి చరిత్ర

మెకంజీ భార్య నుండి కంపెనీ ప్రభుత్వం ఈ సామగ్రిని 10,000 పౌండ్లకు కొన్నది. హెచ్.హెచ్.విల్సన్ దీనికి పట్టిక తయారుచేసి 1828లో ప్రచురించాడు. అందులోని ముఖ్యాంశాలు:

* సాహిత్య వ్రాతప్రతులు - 1,568
* స్థానిక చరిత్రలు - 2,070
* శాసనాల నకళ్ళు - 8,076
* అనువాదాలు - 2,159
* చిత్రాలు - 2,630
* నాణేలు - 6,218
* విగ్రహాలు - 106

తరువాత ఈ సామగ్రి లండను, కలకత్తా, మద్రాసులకు చీలిపోయినది. మిగిలిన పనిని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య 1830లలో ప్రభుత్వాన్ని కోరాడు. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ ఆ ప్రతిపాదనకు మద్దతు ఇవ్వలేదు. పాతికేళ్ళకు పైగా ఆ కాగితాలతో గడిపిన వ్యక్తికి, వాటిని వివరించే అర్హత లేదని నిర్ణయించడం విచారకరం. సేకరించేవారు భారతీయులు, వ్యాఖ్యానించేవారు ఐరోపావారు అన్న నాటి విభజనకు ఇది ఉదాహరణగా నిలిచినది.

ఇదే దశకంలో లండనులో ఉన్న తెలుగు ప్రతులను సి.పి.బ్రౌన్ గుర్తించి, అవి మద్రాసుకు తిరిగి రావడానికి కృషి చేశాడు. పురుగులు తిని, సిరా వెలిసిపోతున్న కైఫియత్తులకు మంచి కాగితంపై నకళ్ళు వ్రాయించాడు. లోకల్ రికార్డ్స్ అనే పేరుతో ప్రసిద్ధమైన సంపుటాలు ఇవే. ప్రస్తుతం ఇవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి చరిత్రకారులు వీటిని విరివిగా వినియోగించారు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించినది.

హైదరాబాదులో

మెకంజీ నిజాం సైన్యంతో ఉన్న కాలంలో బ్రిటిషు రెసిడెంటు నివాసం హైదరాబాదులో మూసీ నదికి ఉత్తరాన ఉండేది. అక్కడ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ నిర్మింపజేసిన కోఠీ భవనానికి రూపకల్పన చేసిన శామ్యూల్ రస్సెల్ కూడా మెకంజీ వలె మద్రాసు ఇంజనీరే. ఆ భవనం చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాంకు తిరిగి ఇవ్వబడి సుల్తాన్ బజార్‌గా పేరు మార్చుకున్నది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇక్కడే స్థాపించబడినది. దాని స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు పేరున ఏర్పడిన పరిశోధక మండలి తెలంగాణా పల్లెలలో శాసనాలను సేకరించి 1935లో తెలంగాణా శాసనములు ప్రచురించినది. ఒకప్పుడు కంపెనీ జీతగాళ్ళుగా కావలి సోదరులు చేసిన పనిని, ఈ తరం వారు తమ చరిత్ర కొరకు తామే పూనుకొని చేశారు.

విశేషాలు

* 1816లో థామస్ హికీ గీసిన తైలవర్ణ చిత్రంలో మెకంజీతో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు ఉన్నారు. వారిలో ఒకరు లక్ష్మయ్య అని భావిస్తారు. వెనుక జైన గోమఠేశ్వర విగ్రహం కనిపిస్తుంది.
* 2017లో స్టోర్నోవేలోని లూయిస్ కోట ప్రదర్శనశాలలో మెకంజీ సేకరణపై ప్రత్యేక ప్రదర్శన జరిగినది. ఆ విధంగా అతడు సేకరించిన వస్తువులలో కొన్నిటిని అతని జన్మస్థలంలోని ప్రజలు చూడగలిగారు.